యూదుల మీద ద్వేషం ఎక్కడ పుట్టింది, జియోనిజం దాకా ఎలా వచ్చింది: మొదటిసారి చదివేవాళ్ళు ఎలా చదవాలి

ఇజ్రాయెల్ వార్త టీవీలో వచ్చిన ప్రతిసారీ మా ఆదివారం స్టడీ సర్కిల్లో ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, "అన్ని దేశాలవాళ్ళూ యూదుల్ని తరిమేసారంటే వాళ్ళు ఏదో చేసే ఉంటారు కదండీ, నిప్పు లేనిదే పొగ రాదు కదా" అని. అడిగేవాళ్ళు మంచివాళ్ళే, తెలీక అడుగుతారు. కానీ ఈ చరిత్ర చదివిన దగ్గర్నుంచి ఆ సామెత వింటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది, ఎందుకంటే ఇక్కడ వందల ఏళ్ళ పాటు జరిగింది నిప్పు లేకుండా పొగ పుట్టించడమే, ఆ పొగ చూపించి మనుషుల్ని నిజం మంటల్లో వెయ్యడమే. అందుకే ఈ సబ్జెక్ట్ మొదటిసారి చదివేవాళ్ళు ఎక్కడ మొదలెట్టాలి, ఏ వరసలో వెళ్ళాలి, ఎక్కడ ఆగి ఆలోచించాలి అని నేను చేసిన పద్ధతి రాస్తున్నా. రోజుకి గంట చొప్పున ఒక పది రోజులు, ఒక నోట్‌బుక్కు, మూడు రంగుల పెన్నులు చాలు.

ముందు మాటలు విడదీసుకోండి

మనకి తెలుగులో ఈ మాటలన్నీ బైబిల్ ద్వారా వచ్చాయి కాబట్టి అన్నీ కలిసిపోయి ఉంటాయి. ఇశ్రాయేలీయులు అంటే బైబిల్లోని పాతకాలం జనం. యూదులు అంటే ఆ మతం, ఆ వారసత్వం ఉన్నవాళ్ళు, వాళ్ళు ఏ దేశంలోనైనా ఉండొచ్చు, మన కొచ్చిలో ఉండేవాళ్ళు, ఇప్పుడు కొద్దిమందే మిగిలారు, ముంబైలో బెనే ఇజ్రాయెల్ వాళ్ళు ఉన్నారు, గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అని యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. ఇజ్రాయెల్ అంటే 1948లో ఏర్పడిన దేశం. జియోనిజం అంటే యూదులకి సొంత దేశం కావాలి, అది పాలస్తీనాలో కావాలి అని 19వ శతాబ్దం చివర్లో మొదలైన రాజకీయ ఉద్యమం, ఆ పేరు మన బైబిల్లో యెరూషలేముకి వాడే సీయోను అనే మాట నుంచే వచ్చింది. ఈ నాలుగూ ఒకటి కాదు. యూదుల్లోనే జియోనిజాన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ దగ్గరికి తర్వాత వస్తాం.

ఇంకొక మాట కూడా ఇక్కడే చూసుకోండి. యేసుని అప్పగించిన శిష్యుడు ఇస్కరియోతు యూదా, ఒక గోత్రం పేరు యూదా, జనం పేరు యూదులు. తెలుగులోనే కాదు, చాలా యూరప్ భాషల్లో కూడా ఈ మూడూ ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. పన్నెండుమంది శిష్యులూ యూదులే, కానీ డబ్బు తీసుకుని నమ్మినవాణ్ణి పట్టించిన ఒక్కడి పేరు మాత్రం మొత్తం జనం పేరులా వినిపిస్తుంది. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి, 1895లో పారిస్‌లో మళ్ళీ ఇదే మాట ఎదురొస్తుంది.

నోట్‌బుక్ ఎలా గీసుకోవాలి

పేజీకి నాలుగు గళ్ళు. మొదటి గడిలో సంవత్సరం, ఊరు. రెండో గడిలో యూదుల మీద వేసిన నింద. మూడోది, ఆ నింద వల్ల ఎవరు బాగుపడ్డారు. నాలుగోది, బతికినవాళ్ళు ఎక్కడికి పోయారు. రెండో గడి మూడు రంగుల్లో రాయాలి. మతం పేరుతో వేసిన నింద ఎర్ర పెన్ను, డబ్బు పేరుతో వేసింది ఆకుపచ్చ, జాతి, రక్తం పేరుతో వేసింది నలుపు. పది పేజీలు నిండేసరికి మీకే కనబడుతుంది, మొదట్లో అంతా ఎరుపు, తర్వాత ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోతాయి, 19వ శతాబ్దానికి నలుపు మొత్తం కమ్మేస్తుంది, కానీ పాత రంగులు ఎక్కడికీ పోవు, కిందే ఉంటాయి. నేను మొదట పుస్తకాలు వరసగా చదివాను, ఏమీ గుర్తుండలేదు, ఇలా గళ్ళు గీసుకున్నాకే లింకు దొరికింది.

ఎర్ర రంగు

క్రైస్తవానికి అధికారం రాకముందే గొడవలు ఉన్నాయి, క్రీ.శ. 38లో అలెగ్జాండ్రియాలో యూదుల మీద దాడులు జరిగాయి, క్రీ.శ. 70లో రోమన్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని కూల్చేసింది, 135లో ఇంకో తిరుగుబాటుని అణిచేసాక ఆ ప్రాంతం పేరే సిరియా పాలస్తీనా అని మార్చారు. కానీ రాజ్యం మీద తిరగబడ్డ వేరే జనాలతో కూడా రోమ్ అలాగే ఉండేది. ఇక్కడ తేడా తెచ్చింది "దేవుణ్ణి చంపినవాళ్ళు" అనే నింద. మత్తయి 27వ అధ్యాయం 25వ వచనంలో గుంపు అంతా ఆయన రక్తం మా మీదా మా పిల్లల మీదా ఉండనీ అని అంటుంది కదా, ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని, అక్కడ ఆరోజు నిలబడ్డ కొంతమంది కాదు, పుట్టబోయే ప్రతి యూదుడూ దోషే అని చెప్పారు. సిలువ వేసింది రోమన్ అధికారి పిలాతు, రోమన్ సైనికులు, రోమన్ శిక్ష. ఆ సంగతి వెనక్కి పోయింది.

నాకు ఇది పుస్తకంలో చదివి తెలిసింది కాదు. చిన్నప్పుడు మా చర్చిలో గుడ్ ఫ్రైడేకి సండే స్కూల్ పిల్లలతో డ్రామా వేయించేవాళ్ళు. నాకు ఎప్పుడూ గుంపులో వేషమే, తలకి తువ్వాలు, దూదితో గడ్డం, చేతిలో కర్ర, "సిలువ వేయుము, సిలువ వేయుము" అని అరవాలి. మా పేర్లు స్క్రిప్ట్‌లో యూదుడు 1, యూదుడు 2, యూదుడు 3. యేసు వేషం వేసినవాడికి, మరియ వేషం వేసిన అమ్మాయికి, పేతురుకి ఎవరికీ యూదుడు అనే పేరు లేదు. ముప్పై ఏళ్ళ తర్వాత ఈ చరిత్ర చదువుతుంటే ఆ స్క్రిప్ట్ కాగితం కళ్ళ ముందుకొచ్చింది, యూదుణ్ణి ఒక్కణ్ణి కూడా చూడకుండానే మా ఊళ్ళో పదేళ్ళ పిల్లాడికి యూదుడంటే ఎవరో తెలిసిపోయింది. మాకెవరికీ ద్వేషం లేదు, ఎవరికీ హాని చెయ్యలేదు, కానీ ఆ బొమ్మ ఎంత తేలిగ్గా మనసులో దిగిపోతుందో నాకు అర్థమైంది అక్కడే.

386, 387ల్లో అంతియొకయలో జాన్ క్రిసోస్తం అనే పెద్ద బోధకుడు యూదుల మీద చాలా కటువైన ప్రసంగాలు చేసాడు. అవి చదివేటప్పుడు ఆయన ఎవర్ని తిడుతున్నాడో జాగ్రత్తగా చూడండి. ఆయన సంఘంలోని క్రైస్తవులే యూదుల పండగలకి వెళ్తున్నారని, సమాజమందిరాల్లో, అంటే యూదుల ప్రార్థన స్థలాల్లో, కూర్చుంటున్నారని ఆయన కోపం. అంటే ఇరుగుపొరుగు బాగానే ఉన్నారు, పైనుంచి గీత గీసారు. ఈ సంగతి మళ్ళీ మళ్ళీ వస్తుంది, కాబట్టి "జనానికి సహజంగానే పడదు" అని ఎక్కడైనా రాసి ఉంటే అక్కడ ఆగి, గీత ఎవరు గీసారో వెతకండి.

1096లో మొదటి క్రూసేడ్, అంటే చర్చి పిలుపు మీద సాగిన మతయుద్ధం, యెరూషలేముకి బయలుదేరి దారిలో రైన్ నది ఒడ్డున ఉన్న స్పేయర్, వోర్మ్స్, మైంజ్ ఊళ్ళలో యూదుల్ని నరికేసింది. 1144లో ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో విలియం అనే కుర్రాడు చనిపోతే, యూదులే మతం కోసం చంపారు అని కొన్నేళ్ళ తర్వాత ఒక సన్యాసి కథ రాసాడు. పిల్లల రక్తం తీస్తారు అనే నింద అక్కణ్ణించే యూరప్ అంతా పాకింది. యూదుల ఆహార నియమాల్లో జంతువు రక్తం కూడా నిషిద్ధం, మాంసాన్ని ఉప్పు వేసి రక్తం పోయేదాకా కడుగుతారు, అలాంటివాళ్ళ మీద వేసిన నింద ఇది. 1215లో చర్చి పెద్దల నాలుగో లాటరన్ మహాసభ యూదులు వేరేగా కనబడే బట్టలు వేసుకోవాలని రూల్ పెట్టింది.

ఆకుపచ్చ రంగు, ఇక్కడ నిదానంగా చదవండి

"వాళ్ళు వడ్డీ వ్యాపారులు, అందుకే జనం తిరగబడ్డారు" అనేది మన దగ్గర చదువుకున్నవాళ్ళు కూడా చెప్పే మాట. దీన్ని విప్పి చూడాలి. క్రైస్తవులు వడ్డీ తీసుకోవడం పాపం అని చర్చి నిషేధించింది. యూదులకి చాలా చోట్ల భూమి కొనే హక్కు లేదు, చేతివృత్తుల సంఘాల్లో చేర్చుకోరు. మిగిలింది వ్యాపారం, అప్పులివ్వడం. అదీ అందరూ కాదు, చాలామంది పేదవాళ్ళే. అప్పు ఇచ్చిన డబ్బులో పెద్ద ముక్క పన్నుల రూపంలో రాజుకి పోయేది. ఇంగ్లండ్‌లో లింకన్ ఊరి ఆరన్ అని చాలా పెద్ద ధనవంతుడు ఉండేవాడు, మఠాలకి కూడా అప్పులిచ్చినవాడు, 1186లో ఆయన పోగానే ఆస్తి మొత్తం రాజు తీసేసుకుని, ఆ బాకీలు వసూలు చెయ్యడానికే ప్రత్యేకంగా ఒక ఖజానా ఆఫీసు పెట్టాడు. అంటే జనం ముందు కనబడేది యూదుడు, వెనకాల గల్లాపెట్టె రాజుది.

ఇప్పుడు 1190 మార్చిలో యార్క్ ఊరికి రండి. అక్కడ యూదులకి బాకీ పడ్డ స్థానిక పెద్దలు కొందరు గుంపుని లేపారు. యూదులు ప్రాణభయంతో కోటలో ఉన్న చెక్క బురుజులోకి దూరారు, సుమారు 150 మంది. గుంపు చుట్టుముట్టింది. బయటికి పోతే బలవంతపు బాప్తిస్మం లేదా చావు, లోపల చాలామంది తమవాళ్ళని తామే చంపుకుని చనిపోయారు, బాప్తిస్మం తీసుకుంటాం అని బయటికొచ్చినవాళ్ళని కూడా చంపేసారు. ఆ తర్వాత గుంపు ఇంటికి పోలేదు. నేరుగా యార్క్ పెద్ద చర్చికి పోయి, అక్కడ దాచి ఉన్న అప్పు పత్రాలు, మన భాషలో ప్రోనోట్లు, బయటికి లాగి చర్చి లోపలే తగలబెట్టారు. మతం కోసం చేసిన పని అయితే ప్రోనోట్లతో పనేంటి. ఇంకా చూడండి, రాజ్యం ఏం నేర్చుకుందో. 1194లో కొత్త పద్ధతి పెట్టారు, ఇక మీదట ప్రతి అప్పు పత్రానికీ నకలు రాసి ఊరి పెట్టెలో తాళం వేసి ఉంచాలి అని. మనుషుల్ని కాపాడే ఏర్పాటు కన్నా ముందు కాగితాలని కాపాడే ఏర్పాటు వచ్చింది. ఒక వందేళ్ళు పిండి పిప్పి చేసి, 1275లో వడ్డీ వ్యాపారం కూడా నిషేధించి, 1290లో మొదటి ఎడ్వర్డ్ అందర్నీ దేశం నుంచి వెళ్ళగొట్టాడు.

రెండో ఊరు స్ట్రాస్‌బోర్గ్. 1347 చివర్లో ప్లేగు యూరప్‌లోకి వచ్చింది, యూదులు బావుల్లో విషం కలిపారని పుకారు దానికంటే వేగంగా పోయింది. అవిన్యోన్‌లో ఉన్న పోపు ఆరో క్లెమెంట్ ఇది అబద్ధం అని ఆజ్ఞాపత్రం రాసాడు, యూదులు కూడా ప్లేగుతో చస్తున్నారు, యూదులే లేని దేశాల్లో కూడా ప్లేగు ఉంది అని మామూలు బుద్ధితో చెప్పాడు. ఎవరూ వినలేదు. స్ట్రాస్‌బోర్గ్ నగర పాలకులు కూడా యూదుల్ని కాపాడాలని చూస్తే వాళ్ళని దించేసి కొత్తవాళ్ళు పదవిలోకి వచ్చారు, వచ్చిన కొద్ది రోజులకే 1349 ఫిబ్రవరి 14న వందల మంది యూదుల్ని వాళ్ళ శ్మశానంలోనే మంట పెట్టి కాల్చారు. బాకీలు రద్దు, తాకట్టు వస్తువులు వెనక్కి, దొరికిన నగదు చేతివృత్తులవాళ్ళకి పంచారు. అప్పటికి ఆ ఊళ్ళోకి ప్లేగు ఇంకా రానే లేదు. నిప్పు లేనిదే పొగ రాదు అన్నవాళ్ళకి నేను ఇప్పుడు ఈ ఒక్క తేదీ చెప్తాను. యూదులు పేదవాళ్ళయి ఉంటే, వాళ్ళకి ఎవరూ బాకీ పడకుండా ఉండి ఉంటే వాళ్ళని కాల్చేవాళ్ళు కాదు అని ఆ ఊరి చరిత్ర రాసినవాడే రాసుకున్నాడు.

నల్ల రంగు

స్పెయిన్‌లో 1391 దాడుల తర్వాత వేలమంది యూదులు బాప్తిస్మం తీసుకున్నారు. మరి ఎర్ర రంగు నింద నిజమే అయితే అక్కడితో సమస్య అయిపోవాలి కదా. అవ్వలేదు. 1449లో టోలెడో ఊళ్ళో రూల్ పెట్టారు, మతం మారినవాళ్ళ సంతతికి కూడా ఊరి పదవులు ఇవ్వం అని, ఎందుకంటే రక్తం శుద్ధమైంది కాదట. పోపు ఐదో నికొలస్ తప్పు అన్నాడు, అయినా ఆ ఆలోచన నిలబడిపోయింది. మతం మారినా పుట్టుక వెంటాడటం అంటే ఏంటో మన దేశంలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. గాంధీగారు 1938 నవంబర్‌లో హరిజన్ పత్రికలో యూదులు క్రైస్తవ లోకంలో అంటరానివాళ్ళుగా బతికారు అని రాసారు, అదే వ్యాసంలో పాలస్తీనా అరబ్బులది అని కూడా రాసారు, రెండూ కలిపి చదవండి, ఒక్క ముక్క కోసుకుని వాడుకునేవాళ్ళు చాలామంది.

ఈ నలుపు మన దేశానికి కూడా ఓడెక్కి వచ్చింది. 1492లో స్పెయిన్ వెళ్ళగొట్టింది, 1497లో పోర్చుగల్ బలవంతంగా బాప్తిస్మాలు ఇప్పించింది, ఆ కుటుంబాల్లో పుట్టిన గార్సియా ద ఓర్తా అనే డాక్టర్ గోవా వచ్చి స్థిరపడి 1563లో మన మందు మొక్కల మీద పుస్తకం అచ్చు వేసాడు. 1560లో గోవాకి ఇన్‌క్విజిషన్ కోర్టు, అంటే క్రైస్తవం తీసుకుని లోపల పాత మతం పాటిస్తున్నారని అనుమానం ఉన్నవాళ్ళని విచారించే చర్చి కోర్టు, వచ్చింది. ఆయన 1568లో చనిపోయాడు, తర్వాతి ఏడాది ఆయన చెల్లెల్ని కాల్చేసారు, 1580లో ఆయన ఎముకలు సమాధి నుంచి తవ్వి మరీ కాల్చారు. కేరళ రాజుల నీడలో కొచ్చి యూదులు సమాజమందిరం కట్టుకున్న ఏడాది కూడా 1568. ఈ రెండూ ఒకే పేజీలో రాసుకోండి, ద్వేషం గాలిలో రాలేదు, దాన్ని మోసుకొచ్చిన సంస్థ ఒకటి ఉందని తెలుస్తుంది.

19వ శతాబ్దంలో సైన్స్ మాటలు తగిలించారు. 1879లో జర్మనీలో విల్హెల్మ్ మార్ అనే జర్నలిస్టు "యాంటీసెమిటిజం" అనే మాటని ప్రచారంలోకి తెచ్చాడు, ఆ పేరుతో సంఘం కూడా పెట్టాడు. తన ద్వేషానికి మర్యాదగా ఉండే పేరు కావాలి, ఇది మతం గొడవ కాదు, జాతుల పోరాటం అని చెప్పుకోవాలి. మతం అయితే మారొచ్చు, డబ్బు అయితే వదిలెయ్యొచ్చు, రక్తాన్ని ఎవడు మార్చుకుంటాడు. తప్పించుకునే తలుపు మూసేసింది నల్ల రంగే.

ముస్లిం రాజ్యాల సంగతి కూడా రాసుకోవాలి, కానీ వేరే పేజీలో. అక్కడ యూదులు, క్రైస్తవులు జిజియా కట్టి రెండో తరగతి ప్రజలుగా, కానీ రక్షణతో బతికారు. 1066లో గ్రనడాలో ఊచకోత ఉంది, 1492లో స్పెయిన్ తరిమేస్తే ఆటోమన్ సుల్తాన్ రమ్మని చోటిచ్చింది కూడా ఉంది. రక్తం నింద మాత్రం 1840లో డమాస్కస్‌కి అక్కడి క్రైస్తవ సన్యాసులు, ఫ్రెంచ్ కాన్సుల్ ద్వారా వచ్చి ఎక్కింది.

ఇక జియోనిజం, అది ఏ ప్రశ్నకి జవాబో ముందు పట్టుకోండి

చాలామంది ఇక్కడ హిట్లర్ నుంచి మొదలెడతారు. అది తప్పు, నూట నలభై ఏళ్ళు ఆలస్యం. మొదలెట్టాల్సింది 1791 నుంచి, ఫ్రాన్స్ యూదులకి సమాన పౌరసత్వం ఇచ్చిన ఏడాది. ఆ తర్వాత ఒక్కో దేశం ఇస్తూ వచ్చింది. యూదులు నమ్మారు, భాష నేర్చుకున్నారు, డాక్టర్లు, లాయర్లు, సైన్యంలో ఆఫీసర్లు అయ్యారు. జియోనిజం పుట్టింది పాత వేధింపుల్లోంచి అనేకంటే ఈ నమ్మకం విరిగిపోయిన చోట అనడం కరెక్ట్.

ఇద్దరి కథలు పక్కపక్కన పెట్టి చదవండి. ఒకరు లియో పిన్‌స్కెర్, ఒడెస్సాలో డాక్టర్. చదువు వస్తే, రష్యన్లతో కలిసిపోతే అన్నీ సర్దుకుంటాయని చెప్పినవాడు. 1881లో జార్ రెండో అలెగ్జాండర్‌ని విప్లవకారులు చంపాక దక్షిణ రష్యా ఊళ్ళలో యూదుల మీద వరసగా దాడులు జరిగాయి, 1882 మేలో ప్రభుత్వం యూదులు ఎక్కడ ఉండొచ్చో, ఏం కొనొచ్చో అనే దాని మీద ఇంకా ఆంక్షలు పెట్టింది. అదే ఏడాది పిన్‌స్కెర్ పేరు వెయ్యకుండా ఒక చిన్న పుస్తకం రాసాడు, స్వయం విముక్తి అనే అర్థం వచ్చే పేరుతో. డాక్టర్ కదా, ఇది తరతరాలుగా వచ్చే మానసిక రోగం, రెండువేల ఏళ్ళ నుంచి ఉంది, బతిమాలితే నయం కాదు అన్నాడు. సొంత నేల కావాలి అన్నాడు, అది పాలస్తీనాయే అవ్వాలని మాత్రం మొదట పట్టుబట్టలేదు.

రెండో మనిషి థియొడోర్ హెర్జల్, బుడాపెస్ట్‌లో పుట్టి వియన్నాలో లా చదివి, వియన్నా పేపర్‌కి పారిస్ విలేఖరిగా పనిచేసినవాడు. ఒక దశలో యూదులందరూ కలిసి వెళ్ళి బాప్తిస్మం తీసుకుంటే సరిపోతుందేమో అని కూడా ఆలోచించాడు. 1895 జనవరి 5న పారిస్‌లో ఫ్రెంచ్ సైన్యంలోని యూదు ఆఫీసర్ కెప్టెన్ డ్రేఫస్‌ని, చెయ్యని గూఢచర్యం నేరానికి, అందరి ముందు యూనిఫాం గుండీలు పీకి, కత్తి విరిచి అవమానించారు, హెర్జల్ ఆ రిపోర్ట్ రాసాడు. బయట జనం అరిచిన మాటల్లో ఒకటి "జూడాస్", అంటే ఇస్కరియోతు యూదా పేరే. మీ నోట్‌బుక్ మొదటి పేజీకి వెళ్ళి చూడండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. డ్రేఫస్ కేసే నన్ను జియోనిస్టుని చేసింది అని హెర్జల్ 1899లో రాసాడు, యూట్యూబ్ వీడియోలన్నీ అదే చెప్తాయి. కానీ 1895 నాటి ఆయన డైరీలో ఆ కేసు ఊసు చాలా తక్కువ. అదే ఏడాది వియన్నాలో యూదుల్ని తిట్టి ఓట్లు అడిగిన కార్ల్ లూగర్ మేయర్ ఎన్నిక గెలిచాడు, చక్రవర్తి ఆమోదించకుండా ఆపినా జనం మళ్ళీ మళ్ళీ గెలిపించి 1897లో కూర్చోబెట్టారు. రాజు ఒప్పుకోకపోయినా ఓటర్లే కావాలనుకోవడం అనేది ప్రజాస్వామ్యం మీద ఆశ పెట్టుకున్నవాడికి ఎంత పెద్ద దెబ్బో ఆలోచించండి. 1896లో యూదు రాజ్యం మీద పుస్తకం వేసాడు, 1897 ఆగస్టులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మొదటి జియోనిస్ట్ కాంగ్రెస్. ముందు మ్యూనిక్‌లో అనుకున్నారు, అక్కడి యూదులే వద్దన్నారు.

నాకు అర్థమైనంతవరకు అసలు విషయం ఇది. ఎరుపు, ఆకుపచ్చ, నలుపు ఏ రంగు నిందైనా చివరికి చెప్పేది ఒకటే, "మీరు ఇక్కడివాళ్ళు కాదు" అని. జియోనిజం ఆ మాటతో వాదించడం ఆపేసి, సరే, అయితే మాకంటూ ఒక ఇక్కడ కావాలి అంది. దాని బలమూ అందులోనే ఉంది, తర్వాత వచ్చిన చిక్కూ అందులోనే ఉంది. ద్వేషం ఒక్కటే కారణం అని మాత్రం రాసుకోకండి. సీయోను తలుచుకుని ఏడ్చిన కీర్తన మన బైబిల్లో కూడా ఉంది, ఆ తపన చాలా పాతది, పైగా అప్పుడు ఇటలీ, జర్మనీ, గ్రీసు అందరూ జాతి, దేశం అంటున్న కాలం. ద్వేషం ఆ తపనకి తొందర పెట్టింది.

ఆ తొందర ఎలాంటిదో చూడాలంటే 1903లో రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్ ఊళ్ళో జరిగింది చదవండి. ఒక లోకల్ పేపర్ చనిపోయిన క్రైస్తవ కుర్రాణ్ణి యూదులే రక్తం కోసం చంపారని రాసింది, నార్విచ్ కథే, 750 ఏళ్ళ తర్వాత. ఈస్టర్ రోజుల్లో 49 మందిని చంపారు. ఆ పేపర్ నడిపిన క్రుషెవానే అదే ఏడాది ఇంకో పేపర్లో, యూదులు రహస్యంగా ప్రపంచాన్ని ఏలడానికి ప్లాన్ వేసారనే "ప్రోటోకాల్స్" అనే దొంగ డాక్యుమెంట్ మొదటిసారి వేసాడు. ఆ ఆగస్టులోనే హెర్జల్ కాంగ్రెస్ ముందుకి బ్రిటిష్‌వాళ్ళు తూర్పు ఆఫ్రికాలో ఇస్తామన్న భూమి సంగతి తెచ్చాడు, ఉగాండా ప్లాన్ అంటారు గానీ ఆ నేల ఇప్పటి కెన్యాలో ఉంది. అందరికంటే ముందు ఒప్పుకోవాల్సిన కిషినేవ్ ప్రతినిధులే కాదని ఓటేసారు, మాకు సీయోనే కావాలి అని.

కాదన్నవాళ్ళని దాటెయ్యకండి

ఇది చాలా గైడ్లలో ఉండదు. బాసెల్ కాంగ్రెస్ జరిగిన 1897లోనే విల్నాలో బుండ్ అనే యూదు కార్మిక పార్టీ పుట్టింది. వాళ్ళ జవాబు పూర్తిగా వేరు, మేం ఇక్కడివాళ్ళమే, ఇక్కడే ఉండి ఇక్కడే పోరాడతాం అని. మామూలు జనం ఏం చేసారంటే 1881 నుంచి 1914 మధ్య సుమారు 20 లక్షల మంది ఓడెక్కి అమెరికా పోయారు, పాలస్తీనాకి పోయింది వేలల్లోనే.

ఎడ్విన్ మాంటేగ్ పేరు మన గ్రూప్స్ అభ్యర్థులందరికీ తెలుసు, మాంటేగ్-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు. 1917 ఆగస్టు 20న భారత్‌లో బాధ్యతాయుత ప్రభుత్వం అని ప్రకటన చేసినాయన, సరిగ్గా మూడు రోజుల తర్వాత సొంత ప్రభుత్వానికే ఒక నోట్ రాసాడు, మీ విధానమే యూదు ద్వేషం అని. అప్పటి బ్రిటిష్ మంత్రుల్లో ఉన్న యూదుడు ఆయన. యూదులకి పాలస్తీనాయే దేశం అని మీరు ప్రకటిస్తే రేపు ప్రతి దేశం తన యూదుల్ని పో మీ దేశానికి అంటుంది, నేను బ్రిటిష్‌వాణ్ణి, నా ఇల్లు ఇదే అని ఆయన బాధ. ఆయన ఇండియాకి బయలుదేరాక నవంబర్ 2న, పాలస్తీనాలో యూదులకి జాతీయ నివాసం ఏర్పడటానికి బ్రిటన్ మద్దతిస్తుంది అని విదేశాంగ మంత్రి బాల్ఫోర్ ప్రకటన వచ్చేసింది. ఇదే బాల్ఫోర్ ప్రధానిగా ఉన్నప్పుడు, 1905లో, రష్యా నుంచి పారిపోయి వస్తున్న యూదుల్ని ఆపడానికే ముఖ్యంగా వలస చట్టం చేసారు. నాలుగో గడిలో ఇది తప్పకుండా రాయండి.

ఇంకో గొంతు అక్కడ నేల మీద ఉన్నవాళ్ళది. యెరూషలేముకి మేయర్‌గా చేసిన యూసుఫ్ జియా అల్-ఖాలిదీ 1899 మార్చిలో హెర్జల్‌కి చేరేలా ఉత్తరం రాసాడు. మీ బాధ న్యాయమైనదే, కానీ పాలస్తీనాలో మనుషులు ఉన్నారు, దేవుడి పేరు మీద అడుగుతున్నా దాన్ని వదిలెయ్యండి అని. హెర్జల్ మర్యాదగానే జవాబిచ్చాడు, మీకు లాభమే, మిమ్మల్ని పంపెయ్యాలని ఎవరనుకుంటారు అని. ఈ రెండు ఉత్తరాలూ ఒక పూట కూర్చుని చదవండి. అంతకు ముందే 1891లో ఆహద్ హాఆమ్ అనే యూదు రచయిత స్వయంగా వెళ్ళి చూసొచ్చి, బయట మనం అనుకుంటున్నట్టు అది ఖాళీ నేల కాదు, దున్నని పొలం దొరకడమే కష్టం అని రాసాడు.

మిగతా భాగం గళ్ళు వేగంగా నిండుతాయి, అక్కడ నాలుగో గడి మీదే కన్ను పెట్టండి. 1924లో అమెరికా తలుపు మూసింది. 1933లో హిట్లర్. 1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఏవియాన్‌లో యూదు శరణార్థుల గురించి 32 దేశాలు కూర్చుని దాదాపు అందరూ చోటు లేదన్నారు. 1939 మేలో బ్రిటన్ పాలస్తీనాకి కూడా ఐదేళ్ళలో 75 వేల మందే అని గీత గీసింది. నాలుగో గడిలో రాయడానికి ఊరి పేరు ఉండదు. ఆ తర్వాత నాజీలు 60 లక్షల మంది యూదుల్ని చంపేసారు. బుండ్ జనం, మేం ఇక్కడివాళ్ళమే అన్నవాళ్ళు, పోలండ్‌లో ఎక్కువగా ఆ చావుల్లోనే పోయారు, జియోనిస్టుల వాదన గెలిచింది అనడం కంటే అవతలివాళ్ళని బతకనివ్వలేదు అనడం నిజం. 1948లో ఇజ్రాయెల్ వచ్చింది, 7 లక్షలకి పైగా పాలస్తీనా అరబ్బులు ఇళ్ళు వదిలి శరణార్థులయ్యారు, దాన్ని వాళ్ళు నక్బా, అంటే మహా విపత్తు, అంటారు. యార్క్‌లో గానీ, స్ట్రాస్‌బోర్గ్‌లో గానీ, కిషినేవ్‌లో గానీ వాళ్ళ తాతలెవరూ లేరు. ఆ తర్వాతి ఏళ్ళలో అరబ్ దేశాల నుంచి కూడా యూదులు లక్షల్లో వెళ్ళిపోయారు, ఒక్క ఇరాక్ నుంచే 1950, 51ల్లో లక్షా ఇరవై వేలకి పైగా. ఈ రెండు వలసల్నీ పక్కపక్క గళ్ళలో రాయండి, ఒకదాన్ని ఇంకోదానికి చెల్లు వెయ్యకండి.

వాట్సాప్‌లో ఏదైనా వస్తే

ఒక ఫార్వర్డ్ వస్తే మూడు పెన్నులు బయటికి తియ్యండి. పిల్లల రక్తం, దేవుణ్ణి చంపినవాళ్ళు అని ఉంటే ఎరుపు. ప్రపంచంలో బ్యాంకులన్నీ వాళ్ళవే, మీడియా అంతా వాళ్ళదే అని ఉంటే ఆకుపచ్చ, దాని వెనక ఎక్కువసార్లు ఆ ప్రోటోకాల్స్ ఉంటుంది, అది 1864 నాటి ఒక ఫ్రెంచ్ వ్యంగ్య పుస్తకం నుంచి ఎత్తి రాసిందని, ఆ పుస్తకంలో యూదుల ఊసే లేదని లండన్ టైమ్స్ 1921లోనే పేరా పేరా పక్కన పెట్టి చూపించింది. వాళ్ళ రక్తమే అంత అని ఉంటే నలుపు. అలాకాకుండా ఫలానా ప్రభుత్వం ఫలానా రోజు ఫలానా ఊరి మీద బాంబు వేసింది, ఫలానా చట్టం చేసింది అని ఉంటే అది రాజకీయం, దాన్ని ఎంత గట్టిగా అయినా ప్రశ్నించొచ్చు, ప్రశ్నించాలి కూడా. మా సర్కిల్లో ఒకబ్బాయి గాజా మీద పెట్టిన పోస్ట్‌లో నాలుగు లైన్లు న్యాయమైన కోపం, ఐదో లైన్ "హిట్లర్ వీళ్ళ గురించి కరెక్టే చెప్పాడు" అని ఉంది. ఆ ఐదో లైన్ గాజాలో ఒక్క పిల్లకి కూడా పనికిరాదు అని చెప్తే ఒక పది నిమిషాలు ఆలోచించి తీసేసాడు, మిగతా నాలుగూ ఉంచాడు.

సండే స్కూల్ నడిపేవాళ్ళు ఈ గైడ్ చదువుతుంటే ఒక్క పని. గుడ్ ఫ్రైడేకి యోహాను 19వ అధ్యాయం చదివే ముందు పిల్లలకి ఒక్క నిమిషం చెప్పండి, యేసు యూదుడు, మరియ యూదురాలు, పేతురు యూదుడు, సిలువ దగ్గర ఏడ్చినవాళ్ళూ యూదులే, శిక్ష వేసింది రోమన్ గవర్నర్ అని. కాథలిక్ చర్చి 1965లోనే ఆ పాత నిందని అధికారికంగా వదిలేసింది. డ్రామా స్క్రిప్ట్‌లో యూదుడు 1, యూదుడు 2 అని ఉన్నచోట కొట్టేసి గుంపులో ఒకడు, గుంపులో ఇంకొకడు అని రాయండి. పోయినేడు మా చర్చిలో నేనే కూర్చుని ఆ కాగితం తిరగరాసాను, డైలాగులు ఒక్కటీ మార్చక్కర్లేకపోయింది.